కుడిపక్క ఫిడేలు

బాతెల్, అమెరికా,
కార్తీక శుద్ధ దశమి.

చిరంజీవి సూర్యానికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, వసంత, అల్లుడు ప్రసాద్ బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా బాగానే ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరాల్లో నీ కచేరీల కబుర్లే తప్ప ఇంట్లోవాళ్ళ సంగతి ఒక్క ముక్క ఉండదు కనక, అనుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు. మరదలి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? పిన్ని కొత్త మాత్రలు మింగుతోందా, పాత అలవాటు ప్రకారం దిండు కింద దాస్తోందా? కల్యాణికి జలుబు తగ్గిందా? గొంతుతో పని ఉన్న పిల్ల, వానలో బస్సు కోసం నిలబడనివ్వకు. వీటికి విడివిడిగా జవాబు రాయి. "అందరూ కులాసా" అని ఒక్క మాటతో సరిపెట్టకు.

వసంత స్నేహితురాలి తల్లి వస్తూ నువ్విచ్చిన మూట తెచ్చి ఇచ్చింది. ఆవకాయ జాడీ మూత దగ్గర నూనె కారి ఆవిడ స్వెట్టరు పాడయింది. ఆవిడ ఏమీ అనలేదు కానీ ఆ స్వెట్టరు మా ముందే రెండుసార్లు మడత విప్పి చూసుకుంది. కందిపొడి బాగుంది. కల్యాణి క్యాసెట్టుకి ఏమీ కాలేదు.

ఆ క్యాసెట్టు గురించి నువ్వడిగినదానికి జవాబు ఆలస్యమయింది. నేను ఊరికే కూర్చుని ఆలస్యం చేశాననుకోకు. ఎందుకయిందో అంతా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు రాసింది నా ఎదురుగా పెట్టుకునే రాస్తున్నాను. డిగ్రీ అవగానే కల్యాణిని మద్రాసు పంపి ఆ విదుషి గారింట్లో ఉంచి పాట నేర్పించాలా, లేక బ్యాంకు పరీక్షకి కూర్చోబెట్టాలా అని. మాఘమాసం లోపల ఏ సంగతో చెప్పమన్నారని. "పక్కన నేను ఫిడేలు పట్టుకుని కూర్చోకపోతే అది నిలదొక్కుకోగలదా అన్నదే నా భయం. నువ్వు విని ఏం చెబితే అది చేస్తాను అన్నయ్యా" అని. నేను చెప్పినట్టు చేస్తానని నువ్వు రాయడం మన జీవితంలో ఇదే మొదలు. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

అప్పుడు నాకు గుర్తొచ్చింది నీ ఇంకో మాట. నీ కచేరీ మీద వారపత్రికలో నేను రాసిన సమీక్ష వచ్చిన మర్నాడు, సంగీత సభ మెట్ల మీద, నలుగురి ముందు అన్నావు: "మా అన్నయ్య చెవులతో వినడండీ, పుస్తకాలతో వింటాడు." సమీక్షలో నేను రాసిందేమిటి? ఫిడేలు పాటకి తోడు రావడం మానేసి పాట కన్నా ముందు నడుస్తోంది, పాడేవాడికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వడం లేదు అని. నీకు మండింది. అనేశావు. ఆ తరవాత నేను ఊళ్ళో ఏ కాఫీ హోటలుకి వెళ్ళినా ఆ మాట నాకన్నా ముందు వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని ఉండేది. పత్రిక ఎడిటరు కూడా నా సమీక్షల్లో పదునున్న వాక్యాలే ఏరి తీసేసేవాడు. సభ సెక్రటరీ నాకు స్తంభం వెనక కుర్చీ వేయించేవాడు. నేను పుస్తకాలు చదివిన మాట నిజం. సంస్కృతంలో ఉన్నవీ, ఇంగ్లీషులో ఉన్నవీ, నువ్వు అట్ట కూడా విప్పనివి చదివాను. చదివినవాడికి చెవులు ఉండకూడదని ఏ పుస్తకంలోనూ లేదు.

సరే. ఇక్కడి సంగతులు.

ఇక్కడి వాన మన వానలాగా వచ్చి పోయేది కాదు. ఎప్పుడూ ఉంటుంది, అంతే. మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకోవాలి. గోంగూర దొరకదు. వసంత పాలకూరలో నిమ్మకాయ పిండి గోంగూర పచ్చడి అంటుంది, నేనూ అలాగే అనుకుని తింటాను. ప్రసాద్ విమానాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు కదా, తెల్లారేసరికి వెళ్ళిపోతాడు. వసంత ఆఫీసు ఆ వెనకే. కారు నడపడం రానివాడు ఇక్కడ ఇంటికి కాపలా. లైబ్రరీకి శనివారం తీసుకెళతారు, సంచీ నిండా పుస్తకాలు తెచ్చుకుంటాను. మాట్లాడే మనిషి ఉండడు. నాకు ఇబ్బందేమీ లేదు, అక్కడ మాత్రం ఎవరున్నారు నాతో మాట్లాడేవాళ్ళు? నా గురించి బెంగ పెట్టుకోకు.

ఇబ్బందల్లా సాయంత్రాలు. ప్రసాద్ వచ్చి టీవీలో బంతాట పెట్టుకుంటాడు. నేను నా పాత టేప్ రికార్డర్‌లో పాట పెట్టుకుంటాను. అది పెంచితే నేనిది పెంచేవాణ్ణి. ఒకరోజు అతనే మెల్లిగా అన్నాడు.

"మామయ్యగారూ, మీకు మంచి హెడ్‌ఫోన్స్ కొందాం. ఎంత లౌడ్‌గా పెట్టుకున్నా ఎవరికీ డిస్టర్బెన్స్ ఉండదు."

"అంటే నా పాట నా తలలోనే మోగించుకోమంటారు."

అతని మొహం ఎర్రబడింది. వంటింట్లోంచి వసంత అందుకుంది. "నాన్నా! ఆయన మంచికే అన్నారు. ప్రతిదానికీ తగువేనా నీకు?"

"తగువు కాదు. సరేనంటున్నాను. కొనేది మీరు, ఎంచేది నేను."

ఆ వారమే నీ క్యాసెట్టు వచ్చింది. ఒక పిల్ల బతుకు తేల్చే పాటని గొంతు బొంగురుపోయిన ఆ పాత పెట్టెలో వినడం నాకిష్టం లేకపోయింది. సరైన సామాను వచ్చాకే వింటానని పక్కన పెట్టాను.

ప్రసాద్‌తో పనిచేసే రెడ్డి గారని ఒకాయన ఉన్నాడు, హైదరాబాదు మనిషి. ఆయనకి ఈ సామానంటే పిచ్చి. ఇంటి కింద గదిలో బీరువాలంత స్పీకర్లు, ట్రంకుపెట్టెంత యాంప్లిఫయరు. నన్ను కూర్చోబెట్టి ఒక రికార్డు పెట్టాడు. ముందు ఉరుము ఉరిమింది. తరవాత రైలు వెళ్ళింది. తరవాత ఫిరంగి పేలింది.

"బాస్ సౌండ్ చూసిండ్రా సార్? కుర్చీ కదులుతది."

"కదిలింది. పాట ఎప్పుడండీ?"

"ఇది టెస్ట్ రికార్డ్ సార్. పాట ఉండదు."

ఆయన దగ్గర ఇప్పుడు కొత్తగా వస్తున్న అద్దంలాంటి చిన్న పళ్ళెం కూడా ఉంది, సూది ముట్టకుండా వెలుతురుతో పాడుతుందట. దాంట్లోనూ ఉరుమే వినిపించాడు. ఇన్ని కొని ఒక్క పాట వినని మనిషిని నేను మొదటిసారి చూశాను. మన సభ పెద్దల్లో ఇలాంటివాళ్ళు లేకపోలేదు కానీ వాళ్ళు ఖర్చు లేకుండా చేసేవాళ్ళు.

కానీ మనిషి మంచివాడు, తెలిసిన సంగతి దాచుకోడు. "హెడ్‌ఫోన్స్ ఒక్కటి మంచిగుంటే సరిపోదు సార్. దాన్ని నడిపే యాంప్లిఫయర్ కూడా గట్లనే ఉండాలె. గుర్రం మంచిగ లేకుంటే టాంగా ఎంత బాగుంటే ఏం లాభం?" అన్నాడు. హెడ్‌ఫోన్లు రెండు రకాలని ఆయనే చెప్పాడు. ఒకటి చెవుల మీద గిన్నెలు బోర్లించినట్టు మూసేసేది. బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. రెండోది వెనక జల్లెడలాగా తెరిచి ఉండేది. కొంచెం బయటికి కారుతుంది కానీ పాటకి గాలి ఆడుతుంది. ఎవరి చెవికి ఏది పడుతుందో వాళ్ళు పెట్టుకుని చూసుకోవలసిందే, పుస్తకం చూసి కొనే వస్తువు కాదు అన్నాడు. ఈ చివరి మాట నీకు నచ్చుతుంది.

ఆదివారం నాడు రెడ్డి గారే తన కార్లో నన్ను సియాటిల్ తీసుకెళ్ళాడు. యూనివర్సిటీ దగ్గర ఒక కొట్టు. లోపల గోడలకి తివాచీ అంటించిన చిన్న గది, దాంట్లో మెత్తటి కుర్చీలు, గోడ పొడుగునా యాంప్లిఫయర్లు. అక్కడ పనిచేసే గ్యారీ అనే కుర్రాడు జుట్టు వెనక్కి ముడివేసుకున్నాడు. నా పేరు నోరు తిరగక "ప్రొఫెసర్" అన్నాడు. వద్దనలేదు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, నీకోసం తెలుగు చేసి రాస్తున్నాను.

"మీకు ఏ సంగీతం ఇష్టం ప్రొఫెసర్? దాన్నిబట్టి చూపిస్తాను."

జేబులోంచి కల్యాణి క్యాసెట్టు తీసి ఇచ్చాను. సరైన సామాను మీదే వింటానన్నాను కదా, అంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? అతను క్యాసెట్టు పెట్టి, ముందు తను హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. మీరు మొదట కాసేపు ఒట్టి తంబురా మోగనిచ్చారు కదా. గ్యారీ మొహం చిట్లించాడు. తీగ ఊడదీసి మళ్ళీ గుచ్చాడు. వేరే తీగ వేశాడు. క్యాసెట్టు వెనక్కి తిప్పి వేరే యాంప్లిఫయర్‌కి మార్చాడు.

"క్షమించాలి. గుయ్యిమని హమ్ వస్తోంది. కరెంటు వైరింగులో ఏదో తేడా ఉంది."

లోపలినించి ఇంకొకాయన వచ్చాడు. ఆయనా విన్నాడు, ఆయనా తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని బల్ల వెనక ప్లగ్గులు చూస్తున్నారు. రెడ్డి గారు నవ్వు ఆపుకోలేక గది బయటికి వెళ్ళాడు.

"అది వైరింగు కాదయ్యా. తంబురా. వాయిద్యం" అన్నాను.

"వాయిద్యమా? ఎంతసేపుంటుంది?"

"పాట ఉన్నంతసేపూ."

"దేనికి?"

"ఆ పిల్ల నిలబడటానికి."

గ్యారీ మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. వర్ణం పూర్తయ్యేదాకా లేవలేదు. వాచీ చూసుకోలేదు, పక్కవాడితో మాట్లాడలేదు. మన సభలో ముందు వరస పెద్దమనుషుల గురించి నేనేం చెప్పదలుచుకున్నానో నీకు అర్థమయే ఉంటుంది.

ఆ తరవాత నా వంతు. మొదటిది జపాను వాళ్ళది, పువ్వులా తేలిక, కానీ కల్యాణి ముక్కుతో పాడుతున్నట్టుంది. రెండోది మూసేసే రకం. మృదంగం ఎడమ చెయ్యి తలలో డబడబ మోగింది, చెవులు చెమట పట్టాయి. మూడోది జర్మనీ వాళ్ళది, తెరిచి ఉండే రకం. అది పెట్టుకోగానే పిల్ల ఎదురుగా చాప మీద కూర్చుంది సూర్యం. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

కానీ నీ ఫిడేలు లేదు. మూడింటిలోనూ లేదు. ఉందంటే ఉంది, పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు. గ్యారీతో అన్నాను, నీ సామాను ఫిడేలుని మింగేస్తోందని. యాంప్లిఫయర్లు మార్చాడు. ఒకటి గొంతుని గరుకు చేసింది, ఒకటి మరీ తేనె పూసింది, ఫిడేలు మాత్రం దేంట్లోనూ పైకి రాలేదు. గ్యారీ పెట్టుకుని విని, "నాకు వినిపిస్తోందే ప్రొఫెసర్, బాగానే" అన్నాడు. తంబురాని వైరింగు అనుకున్నవాడికి ఫిడేలు ఎంత వినిపించాలో ఏం తెలుసని ఆ మాట కొట్టిపారేశాను.

ఇన్ని మార్చినా లేని ఫిడేలు అసలు వాయించినవాడి దగ్గరే లేదని తేల్చుకున్నాను. ఆ జర్మనీ హెడ్‌ఫోనూ, ఆర్భాటం లేని ఒక మధ్యరకం యాంప్లిఫయరూ, దానికి తగ్గ క్యాసెట్టు డెక్కూ ఎంచాను. మర్నాడు ప్రసాద్ వెళ్ళి తెచ్చాడు.

అప్పటినించీ అందరూ ఆఫీసులకి వెళ్ళాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రోజూ కల్యాణిని వింటున్నాను. వినడమంటే నీకు తెలుసు, తాళం వేయకుండా నేను వినలేను. ఎదురింటావిడ కిటికీలోంచి నేను తొడ చరుచుకోవడం చూసి, మీ నాన్నకి కాలు నొప్పా అని వసంతని అడిగిందట. ఇంకోటి కూడా చెబుతాను, నవ్వుకో. ఒక సాయంత్రం వసంత వచ్చి నా చెవి మీదినించి హెడ్‌ఫోన్ ఎత్తి, "నాన్నా, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని కొన్నాం ఇది. నువ్వు పైకి పాడుతున్నావు. అదీ అపశ్రుతిలో!" అంది. నేను పాడలేనని నాకు తెలుసు. అది నువ్వు కూడా చాలాసార్లు చెప్పావు.

ఇక పాట. తోడి రాగం ఆలాపన తొందరపడకుండా కట్టుకుంటూ వెళ్ళింది. పైషడ్జమం దగ్గర ఒకచోట గొంతు జారింది. అక్కడ పక్కవాయిద్యం వాడెవడైనా అందుకుంటాడు. అందుకోలేదు. పిల్ల ఒక్క క్షణం ఆగి, తంబురా మీద మళ్ళీ అడుగు మోపి, తనే లేచి ఈసారి సరిగ్గా అక్కడికి చేరింది. ఆ చోటు ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో. విన్నకొద్దీ నీ మీద ఒళ్ళు మండింది. సొంత కూతురు జారుతుంటే కమాను ఎత్తని తండ్రి ఎవడయ్యా?

అందుకని నీకు ఒక ఉత్తరం రాశాను. అందులో నిన్ను పిసినారి అన్నాను. నేనెప్పుడో రాసిన సమీక్షకి కక్ష ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని, ముందు నడవద్దన్నందుకు అసలు నడవడమే మానేశావని, ఆ కక్ష పసిపిల్ల పాట మీద తీర్చుకుంటున్నావని రాశాను. మంచి వాక్యాలు పడ్డాయి. అంటించి, బిళ్ళ వేసి, ప్రసాద్ పోస్టు చేస్తాడని గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను.

అది శనివారం. లైబ్రరీ అయ్యాక మధ్యాహ్నం వసంత గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏదీ, మా కల్యాణి పాట నన్నూ విననీ. నువ్వొక్కడివే దాచుకుంటున్నావు."

పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి నవ్వింది.

"చిన్నాన్న ఏం మారలేదు నాన్నా. దాని గొంతు మీదికి ఎక్కేస్తున్నాడు."

"ఎవరు?"

"చిన్నాన్న. ఫిడేలు."

"ఏది ఫిడేలు? వినిపిస్తేగా ఎక్కడానికి!"

"వినిపించకపోవడమేమిటి? ఈ చెవిలో గింగురుమంటుంటే." కుడివైపు గిన్నె మీద వేలితో కొట్టి చూపించింది.

టీవీ ముందునించి ప్రసాద్ లేచి వచ్చాడు. హెడ్‌ఫోన్ తీసుకుని తను విన్నాడు. తరవాత దాన్ని కుడి ఎడమలు తిరగేసి నా తలకి పెట్టాడు.

"ఇప్పుడు చూడండి మామయ్యగారూ."

మృదంగం పోయింది. నువ్వొచ్చావు. నిండుగా, ఎడమ చెవిలో, నీ పాత కమాను, నీ పాత గమకాలు, అన్నీ. నువ్వు పార్సెల్‌తో పాటు రాసిన కాగితం గుర్తొచ్చింది. మస్కట్‌నించి వచ్చిన మీ పక్కింటాయన రెండు మైకులు అటొకటి ఇటొకటి పెట్టి రికార్డు చేశాడని. ఫిడేలు పాడేవాళ్ళకి ఎడమపక్క కూర్చుంటుంది, ఎదురుగా వినేవాడికి అది కుడిపక్క. జీవితమంతా కచేరీలు విన్నవాణ్ణి, నాకీ సంగతి ఒకరు చెప్పాలా? తట్టలేదు.

ప్రసాద్ యాంప్లిఫయర్ వైపు వంగాడు. "యాంప్లిఫయర్‌లో బాలెన్స్ నాబ్ కొంచెం అటు ఉందేమో. నేను అడ్జస్ట్ చేస్తాలెండి."

"నాబ్ మధ్యలోనే ఉంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను" అన్నాను.

అతను వెళ్ళి టీవీ కట్టేశాడు. బంతాట మధ్యలో అతను టీవీ కట్టడం అదే మొదటిసారి. అల్లుడి గురించి నీకు లోగడ నేను రాసినవాటిలో కొన్ని మాటలు కొట్టేసుకో.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడు మీట నొక్కమన్నారు. కుడివైపు చాలాసేపు నేనేమీ నొక్కలేదు. కుడి చెవి నరం చాలామటుకు పోయిందట, మెల్లమెల్లగా, ఎప్పటినించో. తిరిగి రాదు. ఎడమది వయసుకి తగ్గట్టు బాగానే ఉందట. ఎప్పుడు మొదలయిందని అడిగాడు. ఏం చెప్పను? ఇక్కడ కారు నడిపేవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు, పక్క సీట్లో నాకు అందరి మాటలూ బాగానే వినపడ్డాయి. ఫోను ఎడమచెవికే పెడతాను. "అందుకే నువ్వెప్పుడూ భోజనాల దగ్గర గోడ నీ కుడిపక్కకి వచ్చేలా కూర్చుంటావు" అంది వసంత తిరిగి వస్తూ, కళ్ళు తుడుచుకుంటూ. ఆనుకోవడానికి వీలని నేననుకునేవాణ్ణి. ఇన్నాళ్ళూ ఎడమ చెవి రెండో దాని పని కూడా తనే చేస్తూ నాకు ఒక్క మాట చెప్పలేదు. అలాంటి గుణం మన వంశంలో ఇంకెవరికీ లేదు.

ఇది నువ్వు ఊళ్ళో చెప్పుకోవచ్చు. సభ సెక్రటరీకి ముందు చెప్పు, సంతోషిస్తాడు. కానీ చెబితే కిందిది కూడా కలిపి చెప్పు.

గుమ్మం దగ్గర పెట్టిన ఉత్తరం చింపేశాను. క్యాసెట్టు మొదటినించి రెండు రకాలుగానూ విన్నాను. తిరగేసి వింటే నువ్వూ, కల్యాణి. మామూలుగా వింటే కల్యాణి ఒక్కతే. తిరగేసి విన్నప్పుడు నాకు తెలిసింది ఇది: నేను ఆ రోజుల్లో రాసిన సమీక్ష అక్షరం పొల్లుపోకుండా నిజం. నువ్వు ఇంకా ముందే నడుస్తున్నావు. పిల్ల ఊపిరి తీసుకునే ప్రతి సందులోనూ నీ కమాను దూరింది. పైషడ్జమం దగ్గర గొంతు జారీ జారకముందే నువ్వు వెళ్ళి ఆ స్వరం మీద నిలబడి చెయ్యి చాపావు. ఇందులో ఏ పుస్తకం సాయమూ నేను తీసుకోలేదు.

రెండోది వినాలి నువ్వు. వినలేవు, అదే చిక్కు. ఆ పిల్ల నోరు విప్పి పాడిన ప్రతిసారీ నీ చేతిలో ఫిడేలు ఉంది. నీ ఫిడేలు లేకుండా కల్యాణి ఎలా ఉంటుందో నీకు తెలియదు, మీ ఆవిడకి తెలియదు, మీ ఊళ్ళో ఎవరికీ తెలియదు, బహుశా దానికే తెలియదు. నాకు తెలుసు. ఇన్ని వారాలూ నేను విన్నది అదే. రోజూ, పని లేని మనిషిని, వాన తప్ప చప్పుడు లేని ఇంట్లో కూర్చుని విన్నాను. పైషడ్జమం దగ్గర నువ్వు చెయ్యి చాపి అందుకున్నాననుకున్నావు. నువ్వు అందుకోలేదు. అది నీ చెయ్యి చూడలేదు. తంబురా మీద అడుగు మోపి తనంతట తనే లేచింది. నువ్వు పక్కన లేకపోతే నిలదొక్కుకోగలదా అని కదా నీ భయం? నువ్వు పక్కన ఉండగానే అది ఒంటరిగా నిలబడి ఉంది. నువ్వు చూసుకోలేదు.

పంపు. డిగ్రీ పరీక్షలు కాగానే మద్రాసు పంపు. విదుషి గారికి ఈ వారమే జాబు రాయి, మాఘందాకా ఆగకు. బ్యాంకు పరీక్షలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, ఇంట్లో ఉంచుకుని నేర్పుతానన్నవాళ్ళు మళ్ళీ అడగరు. అక్కడ దానికి వేరే ఎవరో ఫిడేలు వాయిస్తారు, వాళ్ళు దాని తండ్రి కారు, దానికది మంచిది. వెళ్ళేదాకా ఇంట్లో అది సాధన చేసేటప్పుడు నువ్వు ఫిడేలు పెట్టె తెరవకు. ఎదురుగా చాప మీద కూర్చుని విను. చేతులు ఊరుకోకపోతే తాళం వేసుకో. నేను వేసుకోవడం లేదా?

నా చెవి గురించి పిన్నికి చెప్పకు, బెంగపడుతుంది. మరదలికి చెప్పినా ఫరవాలేదు. మిగతా ఆరోగ్యం బాగానే ఉంది, నిద్ర పడుతోంది, ఆకలి వేస్తోంది. ప్రసాద్ ఇప్పుడు సాయంత్రాలు టీవీ చప్పుడు తగ్గించి, నన్ను తన కుడిపక్క కూర్చోబెట్టుకుని బంతాట వివరిస్తున్నాడు. అర్థం కాలేదు. అయినట్టు తల ఊపుతున్నాను.

వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇత్తడి కాఫీ ఫిల్టరు ఒకటి, మెంతిపొడి కొంచెం పంపు. ఈసారి నూనెవి వద్దు. వాటితో ఇంకో క్యాసెట్టు కూడా. కల్యాణి ఒక్కతే, తంబురాతో, తోడి మళ్ళీ పాడాలి. నువ్వు ఎదురుగా కూర్చో. మస్కట్ ఆయన్ని శ్రమ పెట్టకు, ఒక్క మైకు చాలు నాకు.

పిన్నికి నా నమస్కారాలు, నా కోసం కూడా దేవుడి దగ్గర ఒక దణ్ణం పెట్టమను. మరదలికీ, కల్యాణికీ నా ఆశీస్సులు. నీకు కూడా.

ఇట్లు,
మీ అన్నయ్య